ఇరవయ్యో నిమిషం

సరిగ్గా ఇరవై నిమిషాలు.
ఆ తర్వాత ఒక దగ్గు, రెండు దగ్గులు,
ఇక చప్పుడు లేదు.

హురునుయి నది మీద ఆ నిశ్శబ్దం మంచిది కాదు.
జెట్ బోటుకి చుక్కాని ఉండదు,
వెనక్కి చిమ్మే నీళ్ళే దాని చుక్కాని.
ఇంజిను ఆగిందా, ఇక మేం
అల్యూమినియం తొట్టిలో కూచున్న ఇద్దరు మనుషులం, అంతే.
జడలల్లుకుని, విప్పుకుని, మళ్ళీ అల్లుకునే పాయల్లో
ఏ పాయ ఎటు ఈడ్చుకుపోతుందో
దాని ఇష్టం.

మొదటిసారి గులకరాళ్ళ తిన్నె మీదికి.
రెండోసారి విల్లో కొమ్మల్లోకి.
నా టోపీ ఇంకా అక్కడే ఉంది.

నాది పిట్టల లెక్క.
ముక్కు కుడివైపుకి వంగిన బూడిదరంగు పిట్టలు,
రాళ్ళ మధ్య రాళ్ళలాంటి గుడ్లు పెడతాయి.
అక్టోబరు దాటితే లెక్క తప్పుతుంది.
బోటు రావిరిది.
గొర్రెల బొచ్చు కత్తిరించే యంత్రాల్ని
ముప్ఫై ఏళ్ళు బాగుచేసిన చేతులు.
మిషను అబద్ధం చెప్పదు నోలా, అంటాడు,
మనకే అడగడం చేతకాదు.

అడిగాడు పాపం.
ఫిల్టరు మార్చాడు. పంపు మార్చాడు.
అడుగున నీళ్ళు చేరాయేమోనని
పెట్రోలు సీసాలోకి పట్టి ఎండకెత్తి చూశాడు,
నలుసు లేదు.
కాయిలు వేడెక్కుతోందని తడిగుడ్డ చుట్టాడు.
డబ్బు ఏట్లో పోసినట్టే పోయింది.
షెడ్డు ముందు నీళ్ళ గొట్టం తగిలించి
ఊరికే ఆడిస్తే మాత్రం
వళ్ళో పిల్లిలా గుర్రుమనేది.

మూడోసారి ఆగినప్పుడు
రావిరి ఏ పనిముట్టూ తియ్యలేదు.
కాసేపు కూచుని, ఎంత మిగిలిందో చూద్దామన్నట్టు
ట్యాంకు మూత తిప్పాడు.

స్స్స్...
లోపలికి.
బయటికి కాదు, లోపలికి.
మడుగులోంచి తేలినవాడు
మొదటి ఊపిరి లాగినట్టు.

మూత వదులుగా పెట్టి తాళం తిప్పితే
ఒక్క ఉదుటున లేచింది ఇంజిను.
ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.
పాలడబ్బాకి ఒక్క చిల్లే పొడిస్తే ధార పడదని
ఆరేళ్ళప్పుడే మా అమ్మ చెప్పింది నాకు.

ఇంటికొచ్చి గాలిగొట్టం విప్పాం.
ఒకచోట అది ఉయ్యాలలా జారి వేలాడుతోంది,
ఆ వంపులో చెంచాడు పాత పెట్రోలు.
పోయినేడు దాన్ని బిగించింది రావిరే.
నేను కిటికీలోంచి బయటికి చూశాను.

అసలుది చివర ఉంది,
బోటు పక్కన, చిటికెనవేలు పట్టని కన్నంలో:
మట్టి.
ఎవరో వేలితో అలికినట్టు నున్నటి మట్టి.
సూదితో గీరితే గదులు.
ఒకదాన్లో సాలీళ్ళ కాళ్ళు, రాలిన వెంట్రుకల్లా.
ఒకటి ఖాళీ.
చివరి గదిలో గోధుమగింజంత గూడు,
మూసే ఉంది.

మట్టి కందిరీగ.
వేసవి చివర మేం టార్పాలిన్ కప్పేసి
బోటు సంగతే మరిచిన రోజుల్లో
నోటితో ఒక్కో ముద్దా మోసుకొచ్చింది.
పనితనంలో వంక పెట్టడానికి లేదు,
అన్నాడు రావిరి, చాలాసేపు చూసి.

గూడు పారెయ్యలేదు.
అగ్గిపెట్టెలో దూది మీద పెట్టి
షెడ్డు కిటికీలో ఉంచాడు, పెట్టె సగం తెరిచి.
కొత్త గొట్టాన్ని ఎత్తుగా మెడ తిప్పి బిగించాడు,
చివర సన్న జల్లెడ తొడిగాడు.

మర్నాడు ఏట్లో,
పద్దెనిమిది. పందొమ్మిది.
ఇద్దరి కళ్ళూ వాచీల మీదే.
పిట్టలు దాటిపోయాయి, నేను లెక్కపెట్టలేదు.
ఇరవై ఒకటి.
ఎవరం ఏమీ అనలేదు.
కాసేపటికి విల్లో కొమ్మ మీద నా టోపీ కనిపించింది.
ఆపనా అన్నాడు.
వద్దన్నాను.

డిసెంబరులో ఒక పొద్దున ఫోను మోగింది.
రావిరి ఫోన్లు చేసే మనిషి కాదు.
"గూటికి చిల్లు పడింది. లోపల లేదు" అన్నాడు.
కాసేపు అతని ఊపిరి మాత్రమే వినిపించింది.
"షెడ్డులో గొట్టాలన్నిటికీ మూతలు పెట్టాను" అన్నాడు,
"ఒక్కదానికి తప్ప."